గుడ్ల బుట్ట కోసం పుట్టిన కారు

ఫ్రాన్సు దేశపు గ్రామీణ జీవితంతో పెనవేసుకున్న వాహనాలలో సిట్రోయెన్ సంస్థవారి '2 సీవీ' కారుది విశిష్ట స్థానం. ఫ్రెంచివారు దీనిని 'దో షెవో' అంటారు. 'రెండు గుర్రాలు' అని అర్థం. పేరును బట్టి ఇంజను శక్తి అంతే అనుకోరాదు. ఫ్రాన్సులో వాహనాలపై పన్ను విధించుటకు ఒక ప్రత్యేకమైన అశ్వశక్తి లెక్క ఉండేది. ఆ లెక్కలో ఈ కారు రెండు గుర్రాల తరగతికి చెందింది. అనగా పన్ను స్వల్పం. తొలి కారు అసలు శక్తి 9 అశ్వశక్తులు.

1934 చివర సిట్రోయెన్ సంస్థ దివాలా తీయగా, దానికి పెద్ద ఋణదాత అయిన మిషెలిన్ టైర్ల సంస్థ యాజమాన్యం చేపట్టింది. మిషెలిన్ పక్షాన వచ్చిన పియేర్ జూల్ బూలాంజే దృష్టి పల్లెలపై పడింది. ఆనాడు ఫ్రెంచి రైతులనేకులు గుర్రపు బండ్లపైనే సంతకు వెళ్లేవారు. వారికోసం బూలాంజే తన ఇంజనీర్లకు విధించిన నియమాలు విచిత్రంగా తోచవచ్చు. ఇద్దరు రైతులు, 50 కిలోల బంగాళాదుంపలు పట్టాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగం చాలు. 100 కిలోమీటర్లకు 3 లీటర్ల పెట్రోలు మించరాదు. దున్నిన పొలం మీదుగా నడిపినా బుట్టలోని గుడ్లు పగలరాదు!

ఆంద్రే లెఫెవ్ర్ నాయకత్వంలో ఇంజనీర్లు కృషి చేసి, 1939 నాటికి సుమారు 250 నమూనా కార్లను సిద్ధం చేశారు. ఆ అక్టోబరులో పారిస్ ప్రదర్శనలో వాటిని ఆవిష్కరించవలసి ఉండగా, సెప్టెంబరులో యుద్ధం వచ్చి ప్రదర్శనే రద్దయింది. జర్మన్ల చేత చిక్కకుండా నమూనాలలో అధికభాగాన్ని ధ్వంసం చేసి, కొన్నింటిని దాచిపెట్టారు. అట్లు దాచినవాటిలో మూడు 1990ల మధ్యకాలంలో లా ఫెర్తే విదామ్‌లోని ఒక పాత కొట్టంలో బయటపడ్డాయి.

యుద్ధానంతరం కారు రూపురేఖలు మారాయి. ఖరీదైన అల్యూమినియం స్థానంలో ఉక్కు రేకు వచ్చింది. వాల్టర్ బెకియా రూపొందించిన 375 సీసీల రెండు సిలిండర్ల ఇంజను గాలితోనే చల్లబడుతుంది. నీరు, రేడియేటరు లేనందున చలికాలంలో గడ్డకట్టే బెడద గాని, కారిపోయే బెడద గాని లేదు. గుడ్లు పగలకుండుటకు ఉపాయం స్ప్రింగుల అమరికలో ఉంది. ఒకే పక్కనున్న ముందు, వెనుక చక్రాలను, కారు పొడవునా పడుకోబెట్టిన స్ప్రింగుల ద్వారా ఒకదానితో ఒకటి కలిపారు. ముందు చక్రం గట్టు ఎక్కితే ఆ కదలికలో కొంత వెనుకకు అందుతుంది. కుదుపంతా ఒకచోటనే పడదు. పైకప్పు గుడ్డతో చేసినది. దానిని చాపవలె చుట్టివేసి ఎత్తైన సామాను నింపవచ్చును. సీట్లు ఊడదీసి బయట వేసుకొని కూర్చోవచ్చును. తొలి కార్లలో పెట్రోలు మట్టం చూచుటకు ఒక కడ్డీ తప్ప వేరే మీటరు లేదు.

1948 అక్టోబరులో ఈ కారును ఆవిష్కరించినపుడు పత్రికలు రేకు డబ్బా అని పరిహసించాయి. ప్రజల తీర్పు వేరు. కొన్ని సంవత్సరాలపాటు నిరీక్షించవలసినంత గిరాకీ ఏర్పడింది. పల్లెలలో తిరిగే వైద్యులు, పశువైద్యులు, మంత్రసానులు వంటివారికి సంస్థ ప్రాధాన్యమిచ్చింది. ఒకనాడు వైద్యుడు సకాలంలో చేరలేని ఊళ్లకు ఈ రేకు డబ్బా చేరింది. బూలాంజే మాత్రం ఈ వైభవాన్ని పూర్తిగా చూడలేదు. 1950లో కారు ప్రమాదంలో మరణించాడు.

1961లో పోటీగా రెనో సంస్థ 'రెనో 4'ను తెచ్చినా, 2 సీవీ నిలదొక్కుకొన్నది. 1973 నాటి చమురు సంక్షోభంలో దాని పొదుపు మరల ఆకర్షించింది. అయితే కాలక్రమేణా భద్రతా నియమాలు, కాలుష్య నియమాలు కఠినమయ్యాయి. పలుచని రేకుతో, పాత ఇంజనుతో వాటిని అందుకొనుట కష్టమైంది. తేలికదనమే దాని బలం, అదే దాని బలహీనత. 1988లో పారిస్ సమీపాన లెవల్వా కర్మాగారంలోను, 1990 జూలై 27న పోర్చుగల్‌లోని మాంగ్వాల్డెలోను ఉత్పత్తి ముగిసింది. అప్పటికి 38 లక్షలకు పైగా కార్లు తయారయ్యాయి. వ్యాన్లను కూడా కలిపితే 50 లక్షలు దాటతాయి.

యంత్రాన్ని తయారుచేసి వాడేవారిని వెదకుట ఒక పద్ధతి. వాడేవాని బుట్టలో ఏముందో ముందు చూచి, దానికి తగిన యంత్రాన్ని తయారుచేయుట మరొక పద్ధతి. 2 సీవీ నలభై రెండేండ్లపాటు మన్నుటకు కారణం ఆ రెండవ పద్ధతియే.