వారసత్వపు హక్కుకు లంచం దారి కాదు
నామినీ లేని తండ్రి బ్యాంకు డబ్బు కోసం సక్సెషన్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెడితే, అమలాపురమైనా, రాజోలైనా, కొత్తపేటైనా, పిటిషన్ అభ్యంతరాలతో వాపసు రావచ్చు. అప్పుడు గుమస్తా చేయి తడపాలన్న ఆలోచన రానివ్వకండి. లంచమిచ్చేవాణ్ని, పుచ్చుకునేవాణ్ని ఇద్దరినీ దైవప్రవక్త (సఅసం) శపించారు.

1925 నాటి భారత వారసత్వ చట్టం 372వ సెక్షన్ ప్రకారం మరణ తేదీ, మృతుని నివాసం, దగ్గరి బంధువుల పేర్లు, చిరునామాలు, రావలసిన సొమ్ము వివరాలు పిటిషన్‌లో ఉండాలి. అక్కచెల్లెళ్ల పేర్లు దాచారా, చట్టంతో చిక్కు. అల్లాహ్ నిర్ణయించిన వాటాను (4:11) కాజేసిన పాపమూ అంటుతుంది.

అభ్యంతరం ఏమిటో రాతలో తీసుకుని గడువులోగా సరిచేయించండి. కట్టిన ఫీజుకు రసీదు అడగండి. అయినా ఫైలు కదలకపోతే వకీలు ద్వారా న్యాయమూర్తికి విన్నవించుకోండి. వకీలును పెట్టుకునే స్తోమత లేని సోదరీమణులకు 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ కింద ఉచిత సహాయం లభిస్తుంది.

హక్కు మనది. దాన్ని హలాల్ దారిలోనే అందుకుందాం.