ఒకే నెల – మూడు తూకాలు

ఒక దేశ ప్రజలు తమ పాలకులపై తిరగబడినప్పుడు ఇతర దేశాలు ఏం చేస్తాయి? ప్రజల పక్షాన నిలుస్తామనే అన్నీ అంటాయి. ఆ మాటలో నిజమెంతో తెలుసుకోవడానికి 2011 మార్చి నెలను గుర్తుచేసుకుంటే చాలు.

అప్పటికే ట్యునీషియా పాలకుడు బిన్ అలీ దేశం విడిచి పారిపోయాడు. ఈజిప్టులో ముప్పై ఏళ్ళు ఏలిన హోస్నీ ముబారక్ గద్దె దిగాడు. ఆ ప్రభంజనం మరి మూడు దేశాలను తాకింది.

మొదటిది బహ్రెయిన్. రాజకీయ సంస్కరణలు కోరుతూ ఫిబ్రవరి 14 నుంచి ప్రజలు రాజధాని మనామాలోని పెర్ల్ కూడలికి తరలివచ్చారు. సరిగ్గా నెల తిరిగేసరికి, మార్చి 14న, సౌదీ సేనలు సముద్రంపై ఉన్న వంతెన దాటి అక్కడి ప్రభుత్వానికి అండగా వచ్చాయి. ఎమిరేట్స్ పోలీసులూ వారితో చేరారు. ఉద్యమాన్ని అణచివేశారు. కూడలిలోని స్మారక చిహ్నాన్ని సైతం కూల్చివేశారు. అమెరికా అయిదవ నౌకాదళానికి స్థావరం ఆ దేశమే. అందుకే వాషింగ్టన్ ఆందోళన వ్యక్తం చేసి ఊరుకుంది.

రెండవది లిబియా. మనామాలోకి సేనలు ప్రవేశించిన మూడు రోజులకే, మార్చి 17న, లిబియా పౌరుల రక్షణ కోసం ‘అవసరమైన అన్ని చర్యలూ’ తీసుకోవచ్చని భద్రతామండలి తీర్మానించింది. పది దేశాలు అనుకూలంగా ఓటు వేయగా, భారత్‌తో సహా అయిదు దేశాలు ఓటింగుకు దూరంగా ఉన్నాయి. 19న బాంబుల వర్షం మొదలయింది. బహ్రెయిన్‌కు పోలీసులను పంపిన ఎమిరేట్స్, లిబియాకు యుద్ధ విమానాలను పంపింది! అక్టోబరులో గడాఫీ హతుడయ్యాడు. ఆ తర్వాత సాయుధ ముఠాల మధ్య చిక్కుకున్న ప్రజలకు శాంతి మాత్రం దక్కలేదు.

మూడవది సిరియా. గోడలపై పాలకునికి వ్యతిరేకంగా రాతలు రాశారని దరా పట్టణంలో బడిపిల్లలను నిర్బంధించడంతో ఆ నెలలోనే అక్కడ నిరసనలు పెల్లుబికాయి. ఈజిప్టు ప్రజలను కొనియాడిన ఇరాన్, బహ్రెయిన్‌లో సైనిక జోక్యాన్ని ఖండించిన ఇరాన్, తన మిత్రుడైన అసద్ విషయానికి వచ్చేసరికి అదంతా విదేశీ కుట్ర అన్నది. అక్టోబరులో భద్రతామండలి ముసాయిదా తీర్మానాన్ని రష్యా, చైనా వీటో చేశాయి.

మూడు చోట్లా వీధుల్లోకి వచ్చినది ప్రజలే. కాని ఇతర దేశాలు చూసినది వారి కన్నీటిని కాదు. పడిపోతున్నది తమ మిత్రుడా, శత్రువా అన్నదే. నౌకాస్థావరాలు, చమురు, ప్రాంతీయ ఆధిపత్యం తూకపు రాళ్ళయ్యాయి. ఈ విషయంలో తూర్పు, పడమర తేడా లేదు. ముస్లిం ప్రభుత్వాలూ ఇందుకు మినహాయింపు కాదు.

మరి మన సంగతేమిటి? టీవీ ముందు కూర్చుని మనం వార్తలు వింటున్నప్పుడు, మరణించినవారు ఏ వర్గం వారని అడిగిన తర్వాతనే మన హృదయం కరుగుతున్నదా? బహ్రెయిన్‌లో కొడుకును పోగొట్టుకున్న తల్లి, సిరియాలో కొడుకును పోగొట్టుకున్న తల్లి మన దుఆలో పక్కపక్కన ఉన్నారా? శత్రువు పట్ల కూడా న్యాయం తప్పరాదని నేర్పిన ధర్మం మనది. ప్రభుత్వాల తక్కెడను సరిచేయడం మన చేతిలో లేకపోవచ్చు. మన ఇంటి తక్కెడ మాత్రం మన చేతిలోనే ఉంది. మన పిల్లలు తూకం నేర్చుకునేది దానిని చూసే.