కమాన్ పట్టీకి ఎన్ని గుంతల ఆయుష్షు?

నాగిరెడ్డిపేట నుంచి వడ్ల బస్తాలతో ఎల్లారెడ్డి వైపు వెళ్లే బండి కింద కమాన్ పట్టీలు దారి పొడవునా వంగి లేస్తూనే ఉంటాయి. పట్టీ సాధారణంగా ఒక్క దెబ్బకు విరగదు. నడిమి బోల్టు రంధ్రం అంచునో, తుప్పు గుంటలోనో వెంట్రుకంత పగులు పుట్టి, లోడు లోడుకూ పెరిగి ఒకనాడు టప్పుమంటుంది. విరిగిన చోట కొంత మేర రాసుకుని నునుపుగా, మిగతాది గరుకుగా కనిపిస్తుంది. దీని ఆయుష్షు తేల్చడానికి ప్రతిసారీ లక్షల కిలోమీటర్లు తోలక్కర్లేదు. రైలు ఇరుసులపై జర్మన్ ఇంజనీరు వోలర్ 1850, 60ల్లో చేసిన పరీక్షల్లోనే తేలింది: లోడు కొంచెం పెరిగినా ఆయుష్షు బాగా పడిపోతుంది. నష్టం వంపు ఐదో ఘాతం లెక్కన పెరుగుతుందనుకుంటే, వంపు రెట్టింపైతే నష్టం 32 రెట్లు. అంటే పట్టీని ఎక్కువగా తినేది నున్నని తారు మీది సన్న వణుకు కాదు, గుంతలూ స్పీడ్ బ్రేకర్లూ. అందుకే రోడ్డు మీద నమోదైన కుదుపుల్లో చిల్లర తీసేసి, పెద్దవాటినే యంత్రం మీద వరుసగా కొడితే నెలల పని రోజుల్లో అయిపోతుంది.

మరి ఆ చిల్లర నిజంగా హాని లేనిదేనా? పగులు పుట్టాక అదీ దాన్ని పెంచుతుంది. పైగా ఒక్కో దెబ్బ నష్టాన్ని కలుపుకుంటూ ఆయుష్షు లెక్కగట్టే కూడిక సూత్రం, 1945లో మైనర్ అనే ఇంజనీరు ప్రచారంలోకి తెచ్చినది, దెబ్బల వరుసను పట్టించుకోదు. తుప్పేమో మన తొందర వినదు. కాబట్టి రెండు డిజైన్లలో ఏది మేలో చెప్పడానికి కుదించిన పరీక్ష చాలు, ఇన్ని కిలోమీటర్లని గ్యారంటీ రాయడానికి మాత్రం చాలదు. అలా రాయాలంటే యంత్రం మీద విరిగిన పట్టీని, రోడ్డు మీద విరిగినదాన్ని పక్కపక్కన పెట్టి, పగులు ఒకే చోట మొదలైందో లేదో ముందు చూసుకోవాలి.