ట్రెషామ్ కట్టడాలు: నిషిద్ధ విశ్వాసం, భూస్వామ్యం

రాయలసీమ నుండి 18వ శతాబ్దిలో తరలివచ్చిన రెడ్డి కథోలిక కుటుంబాలు కొండవీటి పరిసరాలలో భూమిని నమ్ముకొని స్థిరపడ్డాయి. ఫిరంగిపురం బాలయేసు దేవాలయం నేటికీ ఆ విశ్వాసాన్ని బాహాటంగా చాటుతున్నది. ఇంగ్లండులోని నార్తాంప్టన్‌షైర్‌లో సర్ థామస్ ట్రెషామ్ (1543–1605) అనే కథోలిక భూస్వామికి ఆ వెసులుబాటు లేకపోయింది. అతడు తన విశ్వాసాన్ని లెక్కలలోనూ ఆకారాలలోనూ దాచి కట్టవలసివచ్చింది.

జెస్యూట్ గురువు ఎడ్మండ్ కాంపియన్‌కు ఆశ్రయమిచ్చాడన్న అభియోగంపై 1581లో ట్రెషామ్ నిర్బంధితుడయ్యాడు. ప్రభుత్వ చర్చికి రానివారికి నెలకు 20 పౌండ్ల జరిమానా విధించే చట్టం వచ్చినదీ ఆ ఏడే. తరువాతి కాలంలో చాలాభాగం అతనికి చెరసాలలోనో గృహనిర్బంధంలోనో గడిచింది.

రష్టన్‌లోని త్రికోణ భవనం (1593–1597) పైకి కుందేళ్ల పెంపకం చూసేవాని నివాసం. దానికి మూడే గోడలు, ఒక్కొక్కటి సుమారు 33 అడుగులు, మూడంతస్తులు, గోడకు మూడేసి శిఖరాలు, ప్రతి గోడమీద 33 అక్షరాల లాటిన్ శాసనం. త్రిత్వ సిద్ధాంతానికి ఇది రాతి వ్యాఖ్య. ద్వారంపై 'మూడు' అనే అర్థమిచ్చే లాటిన్ పదం 'ట్రేస్' ట్రెషామ్ పేరులోని తొలి భాగం కూడా. మన శ్లేషకవులు మెచ్చదగిన చమత్కారం. లైవ్‌డెన్‌లోని రెండవ భవనం సిలువ ఆకారంలో ఉంటుంది. గోడలపై క్రీస్తు శ్రమల చిహ్నాలున్నాయి. 1605లో యజమాని మరణించగానే పని ఆగిపోయింది. నేటికీ దానికి కప్పు లేదు.

సందర్శకులు సాధారణంగా ఇక్కడితో తృప్తిపడతారు. అది చాలదు. ఈ పీడిత భక్తుడే 1590ల చివర హేజిల్‌బీచ్ గ్రామ భూములకు కంచె వేయించి, కౌలు పెంచి, రైతులను వెళ్లగొట్టాడు. పొలాన్ని గొర్రెల మేతకు మార్చడం లాభసాటి. వాణిజ్య పంటల చరిత్ర తెలిసిన పత్తి, మిరప సీమ పరిశోధకునికి ఈ తర్కం కొత్త కాదు. జరిమానాల భారం దీనికి కొంత కారణమై ఉండవచ్చు, కాని ఇల్లు వదిలిన కౌలుదారుకు కారణంతో పనేమి? 1607 జూన్‌లో న్యూటన్ వద్ద, ట్రెషామ్ బంధువు వేయించిన కంచెలను కూల్చిన జనంపై సాయుధ బలగాలు విరుచుకుపడగా నలభైమందికి పైగా మరణించారు.

రష్టన్ భవనపు గోడలో దాచిన ట్రెషామ్ కుటుంబ పత్రాలు 1828లో బయటపడ్డాయి. మతపరమైన రాతలూ ఎస్టేటు వ్యవహారాల కాగితాలూ అందులో కలిసే ఉన్నాయి.