గ్రాంటు కానుక కాదు
ఆస్ట్రేలియాలోని మన తెలుగువారు పెద్దల కూడికకో, సాంస్కృతిక ఉత్సవానికో ప్రభుత్వ గ్రాంటు కోరినప్పుడు రెండు మాటలు ఎదురవుతాయి.

మొదటిది ‘ఆస్పిస్’. రిజిస్టరు కాని బృందం తరఫున రిజిస్టరైన సంస్థ ఒప్పందంపై సంతకం చేసి, సొమ్ముకు బాధ్యత వహించడం. మరో బృందానికి మన సంఘం ఇలా అండగా నిలిస్తే, వారు రసీదులు పోగొట్టినా జవాబు చెప్పవలసింది మనమే.

రెండవది ‘అక్విటల్’. పని ముగిశాక ఖర్చుల లెక్క అప్పజెప్పడం. మిగిలిన సొమ్ము సాధారణంగా తిరిగి ఇవ్వాలి. ఒప్పుకున్న పనికి తప్ప, మందిరం మరమ్మతుకైనా వాడకూడదు.

గ్రాంటు కానుక కాదు, మనల్ని నమ్మి అప్పగించిన సొమ్ము. సంతకానికి ముందే షరతులన్నీ కమిటీలో చదువుకుందాం. మొదటి రోజు నుంచే విడిగా లెక్క రాద్దాం.