వార్తల్లో పదం: ఆల్‌స్టార్ గేమ్

ఏటేటా జూలై మాసమున అమెరికా క్రీడావార్తలలో వినవచ్చు ఈ పదము, కబడ్డీయు క్రికెట్టును తప్ప అన్యమెఱుగని మన గూడూరు ప్రాంత పాఠకునకు కొత్తదైనను దుర్గ్రాహ్యము కాదు. అమెరికన్ లీగు, నేషనల్ లీగు అను రెండు కూటములందు వేర్వేరు జట్ల పక్షమున పరస్పరము పోరాడెడి బేస్‌బాల్ క్రీడాకారులలో శ్రేష్ఠులను ఏఱి, ఒక్కదినము ఏ లీగువారిని ఆ లీగు జట్టుగా నిలిపి ఆడించుటయే ఆల్‌స్టార్ గేమ్.

1933 జూలై 6న చికాగోలో, ప్రపంచ ప్రదర్శన సందర్భమున, ఆర్చ్ వార్డు అను పత్రికారచయిత పూనికతో ఇది ప్రారంభమయ్యెను. బేబ్ రూత్ హోంరన్ (మన సిక్సరు వంటి దెబ్బ) కొట్టగా అమెరికన్ లీగు 4-2తో గెలిచెను. విచిత్రమేమనగా, తెలుగు కుటుంబమున నాగపురమందు జన్మించి, 1932 ఇంగ్లండు పర్యటనలో 32 సిక్సర్లు బాదిన మన సి.కె. నాయుడును విజ్డెన్ వార్షిక గ్రంథము ఐదుగురు మేటి క్రికెటర్లలో ఒకనిగా గౌరవించినదియు ఆ 1933లోనే. విజ్డెన్ ఎంపికకు సంపాదకుని వివేచనము ప్రమాణము. ఆల్‌స్టార్ గేమ్‌లో తొలుత బరిలో దిగువారిలో పెక్కుమందిని అభిమానుల ఓట్లే నిర్ణయించును. నాకు మొదటిదే నమ్మదగినదిగా తోచును గాని, సందడి మాత్రము రెండవదానిదే.

తెలుగువారు విస్తారముగా నివసించు అట్లాంటా ప్రాంతమున 2025లో జరిగిన ఆట 6-6తో సమానము కాగా, హోంరన్ల పోటీచే నేషనల్ లీగు నెగ్గెను. అసలు ఆటలో ఒక్క హిట్టైనను సాధింపని కైల్ ష్వార్బర్, ఆ పోటీలో మూడు ఊపులకు మూడు హోంరన్లు కొట్టి, టెడ్ విలియమ్స్ పేరిట ఒసగెడి ఉత్తమ క్రీడాకారుని పురస్కారమును గైకొనెను.