మూతి నుంచి దట్టించే రైఫిల్: గురి ఎందుకు నిలవదు?

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో జింకల వేటకు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే రోజులు నిర్ణయిస్తుంది. వాటిలో కొన్నింటిని, గొట్టం మూతి నుంచి మందూ గుండూ దట్టించి పేల్చే పాతకాలపు తుపాకులకు కేటాయించడం చాలాచోట్ల ఆనవాయితీ. పెన్సిల్వేనియాలో 1974లో మొదలై నేటికీ సాగుతున్న ఇలాంటి ఒక వేట కాలంలో, క్రిస్మస్ దాటిన తర్వాతి చలి రోజుల్లో, తుపాకుల్లో చెకుముకి రాయి రాపిడితో నిప్పు పుట్టించే రకానికి మాత్రమే అనుమతి ఉంటుంది. కొలరాడోలోని ప్రత్యేక కాలంలో దూరాన్ని దగ్గరగా చూపే స్కోపులూ, గుండుకు తొడిగే ప్లాస్టిక్ తొడుగులూ, బిళ్లలుగా చేసిన మందూ నిషిద్ధాలు. ఒకసారి పేల్చాక మళ్లీ దట్టించే లోపల జింక అక్కడే నిలబడి ఉండదు కనుక, ఈ వేటలో మొదటి గుండే దాదాపు చివరి గుండు. అందుకే వేట కాలానికి కొన్ని వారాల ముందు, నిరుడు చక్కగా కొట్టిన రైఫిల్ ఈ ఏడు ఒక గుండును కుడికీ మరొక గుండును పైకీ విసురుతున్నదని తేలినప్పుడు, దాని యజమానికి అది తేలిగ్గా తీసుకోదగిన విషయంగా కనిపించదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఏజెన్సీ ప్రాంతాల్లో నాటు తుపాకి అని పిలిచేది కూడా మూతి నుంచి దట్టించే ఈ జాతిదే. అయితే నాటు తుపాకి గొట్టం లోపలి భాగం సాధారణంగా నున్నగా ఉంటుంది. రైఫిల్ గొట్టంలో మెలిక తిరిగిన గాడులుంటాయి, ఆ గాడుల వెంట తిరుగుతూ బయటపడిన గుండు బొంగరంలా తన అక్షం మీద నిలకడగా పోతుంది. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది, 1959 నాటి ఆయుధాల చట్టం లైసెన్సు లేని తుపాకిని నేరంగా పరిగణిస్తుంది. కాబట్టి ఇక్కడి చర్చ అంతా ఆ వేట చట్టబద్ధంగా, క్రీడగా సాగే అమెరికాకు సంబంధించినది.

ఆధునిక రైఫిల్‌లో వాడే తూటా కర్మాగారంలో తయారవుతుంది. అందులోని మందు బరువు, గుండు ఎంత లోతున దిగి ఉండాలన్నది, నిప్పు అంటించే టోపీ బలం, అన్నీ యంత్రం కొలిచి పెట్టినవే. మూతి నుంచి దట్టించే రైఫిల్‌కు అలాంటి తూటా లేదు. పేల్చేవాడే ప్రతిసారీ మందు కొలిచి పోసి, గుడ్డ చుట్టిన గుండును కడ్డీతో దిగగొట్టి, టోపీ పెట్టి, గొట్టం లోపలే తూటాను తయారు చేసుకుంటాడు. గురి చెదరడానికి కారణం రైఫిల్‌లో ఉన్నదని చాలామంది తొందరగా నమ్మి కొత్త గొట్టానికో కొత్త స్కోపుకో డబ్బు పోస్తారు గాని, చాలా సందర్భాల్లో ఆ కారణం ఒక దట్టింపుకూ మరొక దట్టింపుకూ మధ్య చేతిపనిలో వచ్చిన తేడాయే.

అసలు చెదిరింది ఎంత అన్నది ముందుగా తేలాలి. ఒకే చోటికి గురిపెట్టి పేల్చిన గుండ్లు కాగితం మీద చేసిన రంధ్రాల సమూహాన్ని గుంపు అంటారు. ఒక్కదాన్ని ఒక్కదానితో పోల్చి కంగారు పడడం కంటే, ఐదేసి గుండ్ల గుంపులు రెండు మూడింటిని పక్కపక్కన పెట్టి చూడడం మేలు, ఎందుకంటే మూడు గుండ్ల గుంపు అదృష్టవశాత్తూ చిన్నదిగా వచ్చే అవకాశం ఎక్కువ. గుంపు ఆకారం కూడా కొంత చెబుతుంది. రంధ్రాలు నిలువుగా సాగితే మందు కొలతలోనో నిప్పు అంటుకోవడంలోనో తేడా ఉన్నదని అనుమానించవచ్చు, అడ్డంగా సాగితే గాలినీ, రైఫిల్‌ను ఒక పక్కకు వంచి పట్టుకునే అలవాటునూ చూడాలి. రెండు వేర్వేరు చిన్న గుంపులుగా విడిపోతే మాత్రం ఎక్కడో ఏదో వదులై రెండు స్థానాల మధ్య కదులుతూ ఉందని దాదాపు ధైర్యంగా చెప్పవచ్చు.

మనిషి తప్పునూ తుపాకి తప్పునూ విడదీయడం తర్వాతి మెట్టు. 1860 జూలైలో లండన్ సమీపాన వింబుల్డన్‌లో బ్రిటిష్ జాతీయ రైఫిల్ సంఘం మొదటి పోటీలను విక్టోరియా రాణి ప్రారంభించినప్పుడు, జోసెఫ్ విట్‌వర్త్ తయారుచేసిన ఆరు పలకల గొట్టం గల రైఫిల్‌ను ఒక ఇనుప పీఠానికి బిగించి, ఆమె చేత పట్టుతాడు లాగించారు. 400 గజాల దూరంలోని లక్ష్యం నడిబొడ్డుకు ఒకటిన్నర అంగుళం లోపలే గుండు తగిలింది. అది సభామర్యాద కోసం చేసిన ఏర్పాటే అయినా, కాల్చే మనిషిని తొలగిస్తే తుపాకి సత్తా ఎంతో బయటపడుతుందన్న సూత్రం అందులో ఉంది. నేటి వేటగాడికి అంత పీఠం అక్కర్లేదు. గట్టి బల్ల, ముందూ వెనకా ఇసుక సంచులు, నెమ్మదిగా మీట నొక్కే ఓపిక చాలు. ఆ దశలోనే స్కోపు బిగింపు మరలనూ, గొట్టాన్ని కర్ర దిమ్మకు పట్టి ఉంచే మేకులనూ మరలనూ పరీక్షించాలి. ఇది ఐదు నిమిషాల పని, కానీ దీన్ని చివరికి వాయిదా వేసేవారే ఎక్కువ.

అన్నిటికంటే ఎక్కువగా గురిని చెడగొట్టేది మసి. నల్లమందు అంటే సూరేకారం 75 పాళ్లు, బొగ్గు 15 పాళ్లు, గంధకం 10 పాళ్లు కలిపి చేసిన మిశ్రమం. అది మండినప్పుడు దాని బరువులో సగానికి పైగా వాయువుగా మారకుండా ఘనపదార్థంగా మిగిలి, కొంత పొగలో కొట్టుకుపోయి, కొంత గొట్టం గోడలకు అంటుకుంటుంది. ఆ మసిలోని పొటాషియం లవణాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి గనుక, పొడి వాతావరణంలో అది గట్టి పొరలా, తేమ వాతావరణంలో జిగురు మడ్డిలా మారుతుంది. మొదటి గుండు శుభ్రమైన గొట్టంలోంచి పోతే, రెండోది పలుచని మసి మీదుగా, ఐదోది మందమైన మసి మీదుగా పోతుంది. ఒక్కోసారి గుండు పట్టుకునే బిగువు మారితే దాని వెనక పుట్టే ఒత్తిడి మారుతుంది, ఒత్తిడితో పాటు వేగమూ మారుతుంది. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌ను ఈస్టిండియా కంపెనీ సిపాయిల చేతికి ఇచ్చినప్పుడు, ఆ కాగితపు తూటాకు కొవ్వు పూయడం వెనక ఉన్న అవసరం కూడా ఇదే: మసి పట్టిన గొట్టంలో గుండు సులువుగా దిగాలి. ఆ కొవ్వు ఏ జంతువుదన్న అనుమానం 1857లో ఎంత దూరం పోయిందో పాఠ్యపుస్తకాలు చదివినవారికి తెలిసినదే.

కాబట్టి పరీక్షా సమయంలో ప్రతి గుండు తర్వాత గొట్టాన్ని ఒకే తీరుగా తుడవడం మొదటి చికిత్స. కొద్దిగా తడిపిన గుడ్డముక్కను ఒకసారి లోపలికి దింపి తీసి, ఆ వెంటనే పొడి గుడ్డతో మరొకసారి తుడిస్తే చాలు. గుడ్డ మరీ తడిగా ఉంటే మసి కరిగి కిందికి జారి, నిప్పు ప్రవేశించే సన్న రంధ్రాన్ని మూసేస్తుంది, అప్పుడు కొత్త సమస్య మొదలవుతుంది. నల్లమందుకు బదులుగా వాడే కొన్ని కృత్రిమ మందులు మండాక, గుండు కూర్చునే చోట గట్టి వలయంలా పేరుకుంటాయి. కడ్డీ దిగేటప్పుడు అక్కడ చేతికి అడ్డు తగులుతుంది, ఆ అడ్డునే గుండు అడుగుకు చేరినట్టుగా పొరబడి ఆపేసేవారు చాలామంది.

అలా ఆపేయడం గురినే కాదు, ప్రాణాన్నీ ప్రమాదంలో పెడుతుంది. గుండు మందును తాకకుండా మధ్యలో నిలిచిపోతే, పేల్చినప్పుడు గొట్టం ఉబ్బడమో పగలడమో జరగవచ్చు. దీనికి పాతకాలపు విరుగుడు నేటికీ ఉత్తమమైనదే: ఖాళీ గొట్టంలో కడ్డీ దింపి మూతి దగ్గర ఒక గీత, సరైన మోతాదు దట్టించిన తర్వాత మరొక గీత పెట్టుకుంటే, ప్రతిసారీ గుండు అదే లోతుకు చేరిందా, లోపల ఇంతకుముందే దట్టించి ఉన్నదా అన్న రెండు ప్రశ్నలకూ ఆ గీతలే జవాబిస్తాయి. లోతుతో పాటు నొక్కే బలం కూడా ఒకే తీరుగా ఉండాలి. ఒకసారి మెల్లగా తాకించి మరొకసారి కడ్డీని ఎగరేసి దంచితే మందు గింజలు నలిగి మండే తీరు మారుతుంది.

మందు కొలత విషయంలో గందరగోళానికి తావు ఎక్కువ. దీన్ని గ్రెయిన్లలో చెబుతారు; 7,000 గ్రెయిన్లు ఒక పౌండు, అంటే ఒక గ్రాముకు సుమారు 15 గ్రెయిన్లు. అయితే ఈ క్రీడలో మందును తూచరు, కొలపాత్రతో కొలుస్తారు, ఆ పాత్ర మీది అంకెలు నల్లమందు పరిమాణాన్ని బట్టి చెక్కినవి. ప్రత్యామ్నాయ మందుల సాంద్రత వేరు కనుక 80 గ్రెయిన్ల గీత వరకు పోసిన అలాంటి మందు నిజంగా 80 గ్రెయిన్లు తూగకపోవచ్చు; దాన్ని తక్కెడలో అంతకు సరిచేస్తే మోతాదు మించిపోతుంది. పాత్రను ప్రతిసారీ అదే తీరుగా నింపి, అదే తీరుగా తట్టి, పైన సమంగా గీసేయాలి. పొగరాని ఆధునిక మందును, దానికోసమే ప్రత్యేకంగా చేయని ఏ మూతి తుపాకిలోనూ కొంచెమైనా వాడరాదన్నది ఈ క్రీడలో మినహాయింపు లేని నియమం.

గుండుకూ గొట్టపు మెలికకూ పొత్తు కుదరకపోతే ఎంత శుభ్రం చేసినా ప్రయోజనం ఉండదు. గుండ్రని సీసపు గుండుకు 60 అంగుళాలకు పైబడిన దూరంలో ఒక చుట్టు తిరిగే నెమ్మది మెలిక సరిపోతుంది, పొడవాటి ఆధునిక గుండ్లకు 28 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే వడి మెలిక కావాలి, 48 అంగుళాల మెలిక రెంటికీ మధ్యేమార్గంగా వచ్చింది. మిస్సోరీకి చెందిన టోనీ నైట్ 1985లో మార్కెట్లోకి తెచ్చిన ఎంకే-85 తర్వాత విస్తరించిన సూటి రకం రైఫిళ్లలో, అంటే టోపీ గొట్టానికి సరిగ్గా వెనకనే ఉండి నిప్పు నేరుగా మందును చేరే రకంలో, ఈ వడి మెలికే సాధారణం. అలాంటి రైఫిల్‌లో గుడ్డ చుట్టిన గుండ్రని గుండు పెట్టి భారీ మోతాదుతో పేల్చి, కొట్టడం లేదని వాపోవడం న్యాయం కాదు.

గుడ్డ చుట్టిన గుండు వాడేవారికి ప్రకృతి ఇచ్చిన ఒక సాక్ష్యం ఉంది, అది పేలిన తర్వాత కొన్ని గజాల ముందు నేల మీద పడే ఆ గుడ్డముక్కే. అర అంగుళపు గొట్టంలో 0.490 అంగుళాల గుండును 0.015 అంగుళాల మందం గల నూలు గుడ్డలో చుట్టి దింపుతారు; రెండు పక్కల గుడ్డ మందం కలిపితే గొట్టం కంటే ఎక్కువ అవుతుంది గనుక గుడ్డ నలిగి గాడుల్లోకి దూరి వాయువు జారిపోకుండా అడ్డుకుంటుంది. ఏరి తెచ్చిన గుడ్డ మధ్యలో మసకబారి, అంచులు కొద్దిగా చీలి, మిగతా అంతా చెక్కుచెదరకుండా ఉంటే దట్టింపు సరిగ్గా ఉన్నట్టే. కాలి రంధ్రాలు పడి ఉంటే గుడ్డ పలుచనైందనో దాని మీద కొవ్వు చాలలేదనో అర్థం. గాడుల వరసలోనే చాకుతో కోసినట్టు తెగి ఉంటే కొత్త గొట్టపు గాడుల అంచులు గానీ మూతి అంచు గానీ పదునుగా ఉన్నాయని తెలుసుకోవాలి. గుండు చివరగా తాకి వదిలేది మూతి అంచునే కాబట్టి, అక్కడ ఒక పక్క అరిగినా గుండు దారి తప్పుతుంది. లోహపు కడ్డీని మూతికి రాపాడకుండా దింపడానికి ఇత్తడి కవచం వాడడం అందుకే.

నిరుడు బాగా కొట్టి ఈ ఏడు చెడినదైతే, గత చలికాలంలో దాన్ని ఎలా దాచారన్నది అడగవలసిన ప్రశ్న. వేడినీరు, సబ్బుతో కడగకుండా, ఆరబెట్టి నూనె రాయకుండా మూలన పెడితే, మసిలోని లవణాలు అడుగుభాగాన్ని తుప్పుతో తినేస్తాయి. ఆ తుప్పు గుంటల మీద మసి తొందరగా పేరుకుంటుంది. టోపీ కూర్చునే నిపుల్ రంధ్రం అరిగి వెడల్పయినా, చెకుముకి రాయి మొద్దుబారినా, మీట నొక్కడానికీ పేలడానికీ మధ్య క్షణమాత్రపు ఆలస్యం మారుతూ ఉంటుంది. ఆ ఆలస్యంలో చేయి కదిలిందా లేదా అన్నది కాల్చేవాడికే తెలియదు. రాయి, నిపుల్ రెండూ చవక, ముందుగా మార్చి చూడడంలో పోయేదేమీ లేదు.

బల్ల మీద ఐదు గుండ్లు ఒకే రంధ్రంలో పడినా, వేటగాడికి కావలసింది అది కాదన్న సంగతి తరచూ మరుగున పడుతుంది. అడవిలో పేలేది చల్లని గొట్టం నుంచి వెళ్లే ఒకే ఒక్క గుండు. నూనె రాసిన శుభ్రమైన గొట్టం నుంచి వెళ్లే ఆ గుండు, మసి పట్టిన గొట్టపు గుంపుకు దూరంగా పడడం సర్వసాధారణం. నూనెను పూర్తిగా తుడిచి ఒకటి రెండు టోపీలు ఖాళీగా పేల్చి దారి ఆరబెట్టాలా, లేక వేటకు ముందే ఒక గుండు పేల్చి మసి గొట్టంతోనే పోవాలా అన్నది ఎవరికి వారు పరీక్షించి నిర్ణయించుకోవాలి, ఏది ఎంచుకున్నా దానినే పాటించాలి. వేర్వేరు రోజుల్లో, వేటలో ఉండే స్థితిలోనే ఒక్కో మొదటి గుండును ఒకే కాగితం మీద పేల్చుకుంటూ పోతే తయారయ్యే గుంపే నిజమైన కొలత. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటును సుమారు 8 అంగుళాల వృత్తంగా లెక్కిస్తారు. గుండ్రని గుండు 100 గజాలు చేరేలోగా వేగంలో పెద్ద భాగాన్నే కోల్పోతుంది. ఆ మొదటి గుండ్లన్నీ 8 అంగుళాల్లో 75 గజాల వరకే ఇముడుతున్నట్టయితే ఆ రైఫిల్‌కూ ఆ మనిషికీ హద్దు 75 గజాలే, కొత్త డబ్బా మందు విప్పినా గుడ్డ మందం మార్చినా ఆ హద్దును మళ్లీ మొదటి నుంచి లెక్క కట్టవలసి ఉంటుంది.